పసిబిడ్డ సప్పుడు లేకుండ పండుకుంటే

పోయిన ఏడు సోలాపూర్‌లో మా చిన్నబిడ్డకు కొడుకు పుట్టిండు. కడుపుతో ఉన్నప్పుడే ఆమెకు షుగరు వచ్చింది. పిలగాడు ఏడ్వకుండ పండుకుంటే "బుద్ధిమంతుడు, లేపకుండ్రి" అన్నది నేనే. పాలు తాగుతలేడని నర్సమ్మ మడిమకు సూది గుచ్చి రక్తం చూసింది. షుగరు 28. కనీసం 45 ఉండాలన్నది.

అది నిద్ర కాదు, నీరసం. తల్లికి షుగరుంటే కడుపులో బిడ్డకు ఇన్సులిన్ ఎక్కువ ఊరుతది. బొడ్డు కోసినంక తల్లి నుంచి చక్కెర రాదు, ఇన్సులిన్ మాత్రం వెంటనే తగ్గదు. మెదడుకు ముఖ్యమైన తిండి ఆ చక్కెరే. చాలాసేపు తక్కువుంటే ఫిట్స్ వస్తయి, మెదడు దెబ్బతింటది.

నరంలో గ్లూకోజు ఎక్కించి, తొడకు చిన్న సెన్సారు అతికించిండ్రు. దాని సన్నతీగ చర్మం కింద ఉండి 5 నిమిషాలకోసారి అంకె చూపిస్తది, తగ్గితే మోగుతది. మన మిల్లులో పోగు తెగితే మగ్గం ఆగినట్టే. కాని అది కొలిచేది రక్తం కాదు, చర్మం కింది నీరు. కొంచెం ఆలస్యంగ చూపిస్తది. అందుకే మోగినప్పుడల్ల రక్తం చూసినంకనే గ్లూకోజు మార్చిండ్రు. నాలుగు రోజులకు మావాడు తేరుకున్నడు. పుట్టుకతోనే ఇన్సులిన్ జబ్బున్న పిల్లలకైతే నెలల తరబడి చూసుకోవాలె.

సెన్సారు అన్ని దవాఖానల్లో ఉండదు. మడిమ పరీక్ష అడగండి. తల్లికి షుగరున్నా, నెలలు నిండకుండ పుట్టినా, బరువు తక్కువున్నా తప్పక అడగండి. గంటలోపల తల్లిపాలు పట్టించండి. తేనె నాకించకండి. బిడ్డ వణికినా, మెత్తబడినా, పాలకు లేవకున్నా డాక్టరును పిలవండి. నా లెక్క "బుద్ధిమంతుడు" అని ఊకోకండి.