బాలింత మంచం దగ్గర బాప్తిస్మం వాదన

గుంటూరు లూథరన్ ఇంటికీ ఒంగోలు బాప్టిస్టు ఇంటికీ వియ్యం మన పత్తి, మిరప పల్లెల్లో కొత్త కాదు. చిక్కంతా బిడ్డ పుట్టాకే.

1842లో గుంటూరు వచ్చిన హయ్యర్ దొరగారి లూథరన్ మిషను పసిబిడ్డలకూ బాప్తిస్మం ఇచ్చింది. ఒంగోలులో క్లౌ దొరగారి మిషను, విశ్వాసం ఒప్పుకున్నవారికే ముంపు బాప్తిస్మం ఇచ్చింది. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది! వారు ఫిలిప్పీ చెరసాల నాయకుని ఇంటివారందరినీ చూపుతారు, వీరు నీళ్లలోకి దిగిన ఐతియొపీయ మంత్రిని. బైబిలు ఒక్కటే.

వాదన ఇంట్లో పెట్టుకోండి, బైబిలు తెరిచి. బాలింత మంచం దగ్గర వద్దు. దిగులుపడే తల్లికి పాలు సరిగా దిగవు.

బిడ్డ ప్రాణం మీదికి వస్తే మేము అడిగేది తల్లిదండ్రులనే. లూథరన్ క్రమంలో, పాస్టరుగారు అందకపోతే ఏ విశ్వాసి అయినా బాప్తిస్మం ఇవ్వవచ్చు. వారు కోరితే నర్సమ్మే ఇస్తుంది. బాప్టిస్టులైతే బిడ్డను ప్రభువు చేతికి అప్పగించి ప్రార్థిస్తాం. తల్లి ఒకటి, తండ్రి ఒకటి అంటే ఇద్దరినీ పక్కగదిలో కూర్చోబెడతాం. పెద్దలు వరండాలో ఉండాలి, అత్తగారైనా సరే.

బిడ్డ దక్కకపోతే, "బాప్తిస్మం లేకుండా పోయింది" అని ఆ తల్లి వినేలా ఎవరూ అనకండి. అలా బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లుల కోసం 1542లో మార్టిన్ లూథరే ఓదార్పు మాటలు రాశారు.