కొలుముల సమాఖ్య

కంప్యూటరునకు మనుష్యుడు వ్రాసి యిచ్చు ఆజ్ఞల పాఠమును కోడ్ అందురు. మన చేతి ఫోనులను, బ్యాంకు లెక్కలను నడుపు కోడ్‌లో ఎంతో భాగము, ఒకరి నొకరు ఎన్నడును చూడని మనుష్యులు వేర్వేరు దేశముల నుండి కలసి వ్రాసినది. వీరందఱు చేరి పని చేయు వెబ్ స్థానములకు ‘ఫోర్జ్’ అని పేరు. ఫోర్జ్ అనగా కమ్మరి కొలిమి. ఈ కొలుములను ఒకదానితో నొకటి కలుపుటకు జరుగుచున్న ప్రయత్నమును గూర్చి ఇచట వివరింప దలచితిమి.

2005లో లినస్ టోర్వాల్డ్స్, లినక్స్ నిర్మాణపు పని కొఱకు, గిట్ అను సాధనమును తయారు చేసెను. అంతకు పూర్వము వాడుకలో నున్న సాధనములు పెక్కింటిలో మూలప్రతి ఒక్క సర్వరు నందే యుండెడిది. గిట్ పద్ధతి వేఱు. కోడ్‌ను తెచ్చుకొన్న ప్రతివానికిని, దానితో పాటు దాని చరిత్ర యంతయు లభించును. ఎవరు, ఏనాడు, ఏ పంక్తిని మార్చిరో అందు వ్రాసియుండును. ఒక సర్వరు చెడిపోయినను, వేఱొకరి యింట నున్న ప్రతి నుండి దానిని తిరిగి నిలుపవచ్చును.

ఇట్లు కోడ్ పదిమంది యిండ్లకు చేరినది. కాని దాని చుట్టును జరుగు సంభాషణ మాత్రము చేరలేదు. “ఈ లెక్క తప్పు వచ్చుచున్నది” అని ఒకరు తెలిపిన దానిని ఇష్యూ అందురు. “ఇట్లు సవరించితిని, స్వీకరింపుడు” అని పంపినచో అది పుల్ రిక్వెస్ట్. దానిపై అనుభవజ్ఞుల పరిశీలన, వాదోపవాదములు జరుగును. ఇవన్నియు గిట్‌లో నుండవు. కొలిమి యజమాని డేటాబేసులో నుండును. ఒక పంక్తి ఏమి చేయునో కోడ్ చెప్పును. అది ఏల అట్లు వ్రాయబడినదో చెప్పునది ఆ సంభాషణమే. కోడ్ మన యింట నుండి, దాని జ్ఞాపకము పరాయి యింట నున్నదన్నమాట.

ఇందలి చిక్కు ఊహ మాత్రము కాదు. గిటోరియస్ అను కొలిమి 2015లో మూతపడినది. గూగుల్ కోడ్ 2016 జనవరిలో మూయబడినది. 2008లో ఆరంభమైన గిట్‌హబ్‌ను 750 కోట్ల డాలర్ల విలువకు కొనుచున్నట్లు మైక్రోసాఫ్ట్ 2018లో ప్రకటించినది. 2014 డిసెంబరులో మన దేశముననే, ప్రభుత్వపు ఉత్తర్వుపై నిలుపబడిన 32 వెబ్‌సైట్ల పట్టికలో గిట్‌హబ్ వారి గిస్ట్ విభాగము చేరియుండెను. 2019లో అమెరికా ఆంక్షల కారణమున ఇరాన్, సిరియా, క్రిమియాలలోని వారికి గిట్‌హబ్ సేవలు కొన్ని నిలిచిపోయినవి. ఇరాన్ వారికి 2021లో అనుమతి తిరిగి లభించినది. ఒక్క ద్వారమే యున్న యింట ఆ ద్వారము మూసినప్పుడు లోనివారికిని వెలుపలివారికిని దారి లేదు గదా!

కనుక కొందఱు తమ కొలిమిని తామే పెట్టుకొనుచున్నారు. డెబియన్, గ్నోమ్ బృందములు గిట్‌ల్యాబ్ అను సాఫ్ట్‌వేర్‌ను తమ సర్వర్లపై నిలుపుకొన్నవి. బెర్లిన్‌లోని కోడ్‌బెర్గ్ అను సభ్యుల సంఘము ఫోర్జేజో అను దానితో తన కొలిమిని నడుపుచున్నది. ఆ పేరును ఎస్పెరాంటో భాషలో కొలిమి యను మాట నుండి గ్రహించిరి. స్వాతంత్ర్యము దొరకినది, కాని ఒంటరితనమును దానితో వచ్చినది. ఒక కొలిమి సభ్యుడు వేఱొక కొలిమిలో చిన్న దోషము తెలుపవలెనన్నను, అచట క్రొత్త ఖాతా తెరువవలెను. ఇన్ని ఖాతాల బాధ పడలేక జనులు తిరిగి పెద్ద కొలిమికే చేరుదురు.

తపాలా వ్యవస్థను తలచుకొన్నచో దీనికి మార్గము గోచరించును. మన ఊరి పెట్టెలో వేసిన ఉత్తరము జర్మనీలోని యింటికి చేరుటకు, మనము జర్మనీ తపాలా శాఖలో పేరు నమోదు చేసికొన నక్కఱలేదు. 1874లో బెర్న్ నగరమున కుదిరిన ఒడంబడికతో దేశముల తపాలా శాఖలు తమతమ స్వాతంత్ర్యము నిలుపుకొనుచునే ఒకరి ఉత్తరములను మఱొకరు అందింప నారంభించినవి. సమాఖ్య యనగా నిదియే.

సర్వర్ల నడుమ ఇట్టి ఒడంబడిక యాక్టివిటీపబ్. ప్రపంచ వెబ్ సంఘము దీనిని 2018 జనవరిలో ప్రమాణముగా ఆమోదించినది. మాస్టొడాన్ అను సాంఘిక వేదిక దీని మీదనే నడచుచున్నది. ఇందు ప్రతి సభ్యునికి రాకల పెట్టె యొకటి, పోకల పెట్టె యొకటి యుండును. ఈ ప్రమాణమునకు కొలిమి పనికి వలసిన మాటలను చేర్చి ఫోర్జ్‌ఫెడ్ అను ప్రణాళికను రచించుచున్నారు. ఇందలి విశేష మేమనగా, మనుష్యునికే కాక కోడ్ భాండారమునకు సైతము ఒక రాకల పెట్టె యుండును. హైదరాబాదులోని విద్యార్థి తన కళాశాల కొలిమి నుండియే బెర్లిన్‌లోని భాండారమునకు దోషమును తెలుపవచ్చును. జవాబు అతని పెట్టెకే వచ్చును. సంభాషణ ప్రతి రెండు చోట్లను నిలుచును.

కష్టములు లేకపోలేదు. ఉత్తరము నిజముగా ఆ విద్యార్థి పంపినదే యని తెలియుటకు అతని సర్వరు డిజిటల్ సంతకము చేయవలెను. ఎవరైనను సర్వరు పెట్టవచ్చును గనుక, చెత్త సందేశముల బెడద యుండును; ఏ కొలిమిని నమ్మవలెనో ప్రతి యజమానియు నిర్ణయించుకొనవలెను. ఒకచోట చెఱపిన మాట రెండవచోట మిగిలిపోవచ్చును. ఎవరికి కోడ్ మార్చు అధికార మున్నదో దూరమునుండి నిశ్చయించుట అన్నిటికంటె సున్నితమైన పని. అందువలన ఫోర్జేజోలో ఈ నిర్మాణము మెల్లగా, అడుగు వెంట అడుగుగా సాగుచున్నది. ఇంకను పూర్తి కాలేదు.

అయినను ఈ శ్రమ వృథా కాదని మా యభిప్రాయము. పదిమంది కలసి చేసిన పనిలో, వస్తువు పదిమందిదై దాని జ్ఞాపకము ఒక్కరి దగుట న్యాయము కాదు. పెద్ద కొలిమిని కూల్చవలెనని ఎవరును కోరుట లేదు. అది మూతపడిన నాడు సైతము పని నిలువక సాగవలెను. చిన్న కొలిమి వాని మాటయు దూరమునకు వినిపింపవలెను. ఈ సమాఖ్య కోరునది ఇంతే.