BP Tips: బీపీ మాత్ర చేసే పని జొన్న రొట్టె చేస్తుందా? ధాన్యాల్లోని ప్రొటీన్ల గురించి అసలు విషయం ఇదీ..

బీపీ ఉన్నవాళ్లకు చుట్టుపక్కల వాళ్ల నుంచి సలహాలకు కొదవ ఉండదు. జొన్న రొట్టె తింటే చాలు, ఓట్స్ తింటే చాలు, మాత్రలు అక్కర్లేదు అనే మాట తరచూ వినిపిస్తూనే ఉంటుంది. ఇందులో కొంత సైన్స్ ఉన్న మాట నిజమే. ధాన్యాల్లోని ప్రొటీన్లకు బీపీని తగ్గించే గుణం ఉండొచ్చని పరిశోధనలు చెబుతున్నాయి. కానీ ఆ గుణం ఎంత? కంచంలో ఉన్నది రక్తం దాకా చేరుతుందా? మాత్ర ఆపేసేంత బలం దానికి ఉందా? తెలుసుకుందాం.

మన దేశంలో ఇది చిన్న సమస్య కాదు. 2023లో ప్రచురితమైన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ప్రకారం 20 ఏళ్లు, ఆపై వయసున్న వారిలో 35.5 శాతం మందికి హై బీపీ ఉంది. అంటే ప్రతి ముగ్గురిలో ఒకరికి పైనే.

బీపీ ఎలా పెరుగుతుంది?

మన ఒంట్లో ఏసీఈ అనే ఎంజైమ్ ఉంటుంది. ఊపిరితిత్తుల్లోని రక్తనాళాల్లో ఇది ఎక్కువ. రక్తంలో ఉండే యాంజియోటెన్సిన్-1 అనే పదార్థాన్ని ఇది యాంజియోటెన్సిన్-2గా మారుస్తుంది. ఈ రెండోది రక్తనాళాలను బిగుసుకుపోయేలా చేస్తుంది. ఒంట్లో ఉప్పు, నీరు నిలిచిపోయేలా కూడా చేస్తుంది. దాంతో బీపీ పెరుగుతుంది.

ఏసీఈని అడ్డుకుంటే రక్తనాళాలు వదులవుతాయి, బీపీ దిగుతుంది. ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటి మాత్రలు చేసే పని ఇదే. పేరు చివర 'ప్రిల్' అని ఉండే బీపీ మందులు ఈ రకానివే.

పాము విషం నుంచి మొదలైన కథ

ఈ మందుల మూలం తెలిస్తే ఆశ్చర్యపోతారు. బ్రెజిల్‌లో జరరాక అనే విషసర్పం ఉంది. దాని విషంలోని కొన్ని చిన్న ప్రొటీన్ ముక్కల మీద 1960ల్లో సెర్జియో ఫెరీరా అనే శాస్త్రవేత్త పరిశోధన చేశారు. అవి ఏసీఈని అడ్డుకుంటాయని ఆ తర్వాత తేలింది. ఆ ఆధారంతోనే అమెరికాలో డేవిడ్ కుష్మన్, మిగెల్ ఒండెట్టి కాప్టోప్రిల్ మందును రూపొందించారు. 1981లో దానికి అక్కడ అనుమతి వచ్చింది.

ఈ చిన్న ప్రొటీన్ ముక్కలనే పెప్టైడ్లు అంటారు. పాము విషంలో ఉన్నట్టే తిండిలోనూ ఇలాంటివి ఉంటాయా అని శాస్త్రవేత్తలు వెతకడం మొదలుపెట్టారు. 1991లో జపాన్ పరిశోధకులు మొక్కజొన్నలోని జీన్ అనే ప్రొటీన్‌ను ఎంజైమ్‌తో ముక్కలు చేసి, అందులో ఏసీఈని అడ్డుకునే పెప్టైడ్లను గుర్తించారు. 1999లో గోధుమ గింజలోని మొలక భాగం, అంటే వీట్ జెర్మ్ నుంచి కూడా అలాంటివి దొరికాయి. బియ్యం, తవుడు, ఓట్స్, బార్లీలోనూ ఈ పెప్టైడ్లు వచ్చే ప్రొటీన్లు ఉన్నాయని తర్వాతి పరిశోధనలు చూపించాయి.

మరి రొట్టె తింటే మాత్రతో సమానమా?

కాదు. దీనికి మూడు కారణాలున్నాయి.

మొదటిది, ఈ పెప్టైడ్లు గింజలో విడిగా ఉండవు. పెద్ద ప్రొటీన్‌లో భాగంగా దాక్కుని ఉంటాయి. ల్యాబ్‌లో ఎంచుకున్న ఎంజైమ్‌తో వాటిని కావాల్సిన చోట తెంపుతారు. మన కడుపు కూడా ప్రొటీన్లను తెంపుతుంది గానీ, సరిగ్గా అదే చోట తెంపుతుందన్న గ్యారెంటీ లేదు.

రెండోది, బయటికొచ్చిన పెప్టైడ్లలో చాలా వరకు పేగుల్లోనే మరింత చిన్న ముక్కలైపోతాయి. రెండు మూడు అమినో ఆమ్లాలున్న బుల్లి పెప్టైడ్లు కొన్ని తట్టుకుని రక్తంలోకి చేరతాయి. అదీ చాలా తక్కువ మోతాదులో.

మూడోది, బలం. ఏసీఈని అడ్డుకోవడం కోసమే తయారైన మందుతో పోలిస్తే ధాన్యాల పెప్టైడ్ల శక్తి చాలా తక్కువ. పైగా మాత్రలో మోతాదు ఇంత అని కచ్చితంగా ఉంటుంది. రొట్టెలో ఉండదు.

మనుషుల మీద చేసిన అధ్యయనాల్లో ఏం తేలింది?

జపాన్, చైనా, బ్రిటన్, అమెరికాల్లో 4,680 మందిపై చేసిన ఇంటర్‌మ్యాప్ అధ్యయనం ఫలితాలు 2006లో వచ్చాయి. మొక్కల నుంచి వచ్చే ప్రొటీన్ ఎక్కువగా తినేవారిలో బీపీ కాస్త తక్కువగా ఉన్నట్టు అందులో కనిపించింది.

2005లో వచ్చిన ఆమ్నీహార్ట్ ట్రయల్‌లో 164 మంది పాల్గొన్నారు. వాళ్ల ఆహారంలో పిండి పదార్థాలు కొంత తగ్గించి, ఆ స్థానంలో ప్రొటీన్ పెంచారు. అందులో దాదాపు సగం మొక్కల నుంచి వచ్చిందే. హై బీపీ ఉన్నవారిలో పై రీడింగ్ సగటున 3.5 పాయింట్లు అదనంగా తగ్గింది. ఇది చిన్న మార్పే అయినా పనికొచ్చే మార్పు. అయితే 160 ఉన్న బీపీని 130కి దింపేంత మార్పు మాత్రం కాదు.

ఇంకో విషయం.. ముడి ధాన్యాల్లో ప్రొటీన్ ఒక్కటే ఉండదు. పీచు, పొటాషియం, మెగ్నీషియం కూడా ఉంటాయి. ఓట్స్, బార్లీల్లోని బీటా గ్లూకాన్ అనే పీచుకూ బీపీని కొంత తగ్గించే గుణం ఉంది. కాబట్టి లాభమంతా ప్రొటీన్లదే అనుకోవడానికి లేదు.

మన కంచంలో ఏం మార్చుకోవచ్చు?

100 గ్రాముల పాలిష్ బియ్యంలో ప్రొటీన్ సుమారు 8 గ్రాములు ఉంటుంది. జొన్నల్లో 10, సజ్జల్లో 11, రాగుల్లో 7 గ్రాముల దాకా ఉంటుంది. కందిపప్పులో అయితే 20 గ్రాములకు పైనే. అందుకే అన్నం కొంచెం తగ్గించి పప్పు పెంచడం, ఒక పూట జొన్న రొట్టెకు మారడం మంచి అలవాటే. బియ్యం బాగా పాలిష్ పడితే తవుడుతో పాటు పీచు, ఖనిజాలు పోతాయి. కాబట్టి దంపుడు బియ్యం మేలు.

కానీ జొన్న రొట్టె పక్కన ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయలు పెట్టుకుంటే ఈ లాభం నిలవదు. ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే ఒక టీస్పూన్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పచ్చళ్లు, చిప్స్, మిక్చర్‌లో ఉండే ఉప్పు కూడా ఈ లెక్కలోకే వస్తుంది.

వీళ్లు జాగ్రత్త!

బీపీ ఎక్కువగా ఉన్నా చాలామందికి ఏ ఇబ్బందీ తెలియదు. మాత్ర ఆపేసినా 'నాకేం కాలేదు' అనిపిస్తుంది. లోపల మాత్రం గుండె, మెదడు, కిడ్నీలు దెబ్బతింటూ ఉంటాయి. పక్షవాతం వచ్చాక తెలిస్తే ఆలస్యమైపోతుంది.

'ప్రిల్' మందులతో కొందరికి పొడి దగ్గు వస్తుంది. అలా వస్తే సొంతంగా ఆపేయకుండా డాక్టర్‌కి చెబితే వేరే మందు రాసిస్తారు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు, ఈ మందులు వాడేవాళ్లు పొటాషియం కలిపిన 'లో సోడియం' ఉప్పును డాక్టర్‌ని అడగకుండా వాడకూడదు. రక్తంలో పొటాషియం ప్రమాదకర స్థాయికి పెరిగే ముప్పు ఉంది.

ఆహారం మార్చాక బీపీ నిజంగా తగ్గుతుంటే ఇంట్లో చూసుకున్న రీడింగులు రాసిపెట్టుకుని డాక్టర్‌కి చూపించండి. మందు డోసు తగ్గించాలా వద్దా అనేది వాళ్లే చెబుతారు.

(గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. ఆహారంలో, మందుల్లో మార్పులు చేసుకునే ముందు డాక్టర్ సలహా తప్పనిసరి.)