అయిదవ పిచ్చుక

యేసు ప్రభువు కాలంలో పిచ్చుకలు పేదవారు కొనుక్కునే ఆహారం. మత్తయి సువార్త 10:29 ప్రకారం వాటి వెల ఒక కాసుకు రెండు. లూకా సువార్త 12:6లో రెండు కాసులకు అయిదని ఉంది. లెక్కకు నాలుగే రావాలి, అయిదవది కొసరు. మన సంతలో కూరగాయల పైన వేసే కరివేపాకు రెబ్బ వంటిదన్నమాట. వెలలేని ఆ అయిదవ పిచ్చుకను సైతం దేవుడు మరువడని ప్రభువు బోధించారు.

మరి మనం మరచిపోయామా?

పూర్వం తాటాకు చూరులో, పెంకుటింటి వాసాల సందుల్లో పిచ్చుకలు గూళ్లు పెట్టేవి. కోతలయ్యాక వరి కంకులను కుచ్చుగా అల్లి వసారాలో వాటి కోసమే కట్టేవారు. దేవుని బలిపీఠం దగ్గర పిచ్చుకకు నివాసం దొరికిందని 84వ కీర్తన చెబుతుంది. మన పాత పెంకుల మందిరాల్లోనూ ప్రార్థన మధ్య వాటి కిచకిచలు వినిపించేవి.

నేటి స్లాబు ఇళ్లలో గూటికి సందు లేదు. బియ్యం మిల్లులోనే శుభ్రమై వస్తున్నాయి గనుక వాకిట్లో నూకలు రాలవు. పురుగుమందులది మరో దెబ్బ. పిచ్చుక గింజలు తినేదే అయినా, గూటిలోని పసి పిల్లలకు ముఖ్యంగా పురుగులనే పెడుతుంది. పురుగు దొరకకపోతే పిల్లలు బ్రతకవు.

"పంట తినే పిట్టకు మేత కూడానా?" అని రైతు సోదరులు అడగవచ్చు. 1958లో చైనా ప్రభుత్వం అలాగే తలచి పిచ్చుకలను చంపించింది. తరువాత పంటల మీద పురుగులు విజృంభించాయి. 1960లో చంపవలసిన వాటి పట్టికలోనుండి పిచ్చుకను తీసివేసి నల్లిని చేర్చారు. పిచ్చుక తిన్న గింజలను లెక్కించారు గాని, అది ఏరిన పురుగులను లెక్కించలేదు. ఏడవ సంవత్సరపు పంటలో బీదలు తినగా మిగిలినది అడవి జంతువులకు విడువవలెనని నిర్గమకాండము 23వ అధ్యాయంలో దేవుడు ఆజ్ఞాపించాడు. ఆయన లెక్కలో వాటికీ పాలు ఉంది.

మన పెరట్లో ఏమి చేయవచ్చు?

నీళ్లు: వెడల్పాటి మట్టి మూకుడులో రెండు అంగుళాలకు మించకుండా నీళ్లు పోసి, నిలబడడానికి ఒక రాయి వేయండి. రోజూ నీళ్లు మార్చి మూకుడు తోమితే దోమలు చేరవు, పిట్టలకు జబ్బులు రావు.

మేత: నూకలు, కొర్రలు, సజ్జలు ఉదయాన్నే గుప్పెడు చల్లండి. ఉప్పు కలిసిన అన్నం, బూజు పట్టిన గింజలు వద్దు. మందు పట్టించిన విత్తనాలను ఎన్నడూ ఆరుబయట పారవేయకండి, అవి విషం.

గూడు: సుమారు ఆరు అంగుళాల చదరపు చెక్కపెట్టెకు అంగుళంపావు రంధ్రం పెట్టి, వాన, ఎండ తగలని చూరు క్రింద, పిల్లికి అందని ఎత్తున కట్టండి. గ్రుడ్లు పెట్టాక తాకవద్దు. పొదగడానికి సుమారు రెండు వారాలు, పిల్లలు ఎగరడానికి మరో రెండు వారాలు పడుతుంది. గూటిలో పిల్లలతో ఉన్న తల్లిపక్షిని పట్టుకోకూడదని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం ఆనాడే హెచ్చరించింది.

పురుగులు: పెరటి కూరపాదుల మీద మందు కొట్టకండి. ఒక మూల గోరింట పొదో, మందారమో పెరగనివ్వండి.

మొదటి వారంలోనే పిచ్చుకలు రాకపోతే నిరాశపడవద్దు. ఓపికతో కొనసాగించండి.

2010 నుండి మార్చి 20వ తేదీని ప్రపంచ పిచ్చుకల దినంగా జరుపుకుంటున్నారు. మార్చి ఎండలు ముదిరే కాలం, పిట్టలకు నీళ్లు కరువయ్యే కాలం. ఆ రోజున సండే స్కూలు పిల్లలచేత మందిరం ఆవరణలో ఒక మూకుడు, ఒక గూడు పెట్టించండి. నీళ్లు పోసే వంతు వారికే అప్పగించండి.

పరలోకపు తండ్రి ఆకాశపక్షులను పోషిస్తున్నాడని మన పిల్లలకు నేర్పుతున్నాం. ఆ పోషణలో ఒక గుప్పెడు మన చేతిమీదుగా వెళ్లడం మనకు దొరికిన భాగ్యం కాదా?