ఒకే ప్రశ్న... మూడు దారులు!

అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లి... 2006 ఫిబ్రవరి 2న జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం మొదలైంది ఈ ఊళ్లోనే. వాన మొహం చాటేసే కరవుసీమలో ఇంటికి ఏడాదిలో 100 రోజుల పని, 15 రోజుల్లోపు కూలి... 2005 నాటి చట్టం ఇచ్చిన మాట అది. ఆ మాట నిలిచిందో లేదో తేలాలంటే లెక్కలు కావాలి. అందుకే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జాబ్‌కార్డులు, మస్టర్లు, చెల్లింపులు అన్నీ కంప్యూటర్‌కెక్కాయి. ఆ సాఫ్ట్‌వేర్‌ని టీసీఎస్‌ తయారుచేసింది.

ఇలాంటి పట్టికల్లోంచి కావలసింది బయటికి తీసే భాషే ఎస్‌క్యూఎల్‌. 1974లో ఐబీఎంలో చాంబర్లిన్‌, బాయ్స్‌ దీనికి రూపమిచ్చారు. ఏం కావాలో మనం చెబితే చాలు, ఎలా వెతకాలో కంప్యూటరే చూసుకుంటుంది. అయితే అడిగే తీరులో తేడాలున్నాయి. ‘ఈ ఊళ్లో 15 రోజులు దాటినా కూలి అందనిది ఎవరికి?’ అన్న ప్రశ్ననే తీసుకోండి.

నేరుగా...

అప్పటికప్పుడు ప్రశ్న రాసి అడగడం మొదటి దారి. ఆ క్షణాన ఉన్న లెక్క, పేర్లతో సహా వస్తుంది. కానీ ఊరివారీ ఇండెక్స్‌ లేకపోతే మొదటి వరస నుంచి చివరిదాకా తిరగెయ్యాల్సిందే. అదే కంప్యూటర్‌ చెల్లింపులూ చూస్తుంటే ఆ పనీ నెమ్మదిస్తుంది. అందుకే పెద్ద ప్రశ్నల్ని డేటాబేస్‌ నకలు మీద అడగడం మేలు.

ఖాళీలు నింపి...

ప్రశ్న ముందే సిద్ధం. ఊరు, తేదీ నింపితే చాలు... అచ్చం దరఖాస్తు ఫారంలాగే! భద్రతా ఎక్కువే. టైపు చేసిన అక్షరాలను నేరుగా ప్రశ్నలో అతికిస్తే, పేరుకు బదులు ఆజ్ఞ రాసి లెక్కలు తారుమారు చేసే ప్రమాదముంది. ఖాళీల పద్ధతిలో ఏం రాసినా దాన్ని పేరుగానే చూస్తుంది కంప్యూటర్‌.

కూడి పెట్టుకుని...

మొత్తాలన్నీ రాత్రే కూడి ఉంచితే పొద్దున జవాబు చిటికెలో వస్తుంది. కాకపోతే అది నిన్నటి లెక్క. ఎంతమందో చెబుతుంది, ఎవరో చెప్పదు.

మరి ఏది మంచిది? జిల్లా సమీక్షకు మూడోది. ఆఫీసులో రోజువారీ పనికి రెండోది. ‘ఒకే మనిషి ఒకే రోజు రెండు మస్టర్లలో ఉన్నాడా?’ లాంటి కొత్త అనుమానం వస్తే మాత్రం మొదటిదే దిక్కు.

ఈ మూడూ చెప్పలేనిదీ ఒకటుంది. పనికి రానివాళ్ల పేరు మస్టర్లో ఉంటే అది కంప్యూటర్‌కి నిజమే! అందుకే సామాజిక తనిఖీల్లో రికార్డులు పట్టుకుని ఇంటింటికీ తిరిగి అడిగారు, పదిమందిలో చదివి వినిపించారు. అలా తనిఖీలు చేయడానికే 2009లో రాష్ట్రంలో ప్రత్యేక సొసైటీ ఏర్పాటైంది. కంప్యూటర్‌ పేర్లు తీసిస్తుంది. కూలి చేతికందిందో లేదో చెప్పాల్సింది మాత్రం గడ్డపార పట్టినవాళ్లే!