బట్టను తిరగేసి కూడా చూపండి

రెండు మూడు వందల ఏళ్ల కిందటి అసలైన బందరు అద్దకాన్ని చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి? తెలిసినవాళ్లు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం పేరో, ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియం పేరో చెబుతారు. అంత దూరం పోకుండా మన దేశంలోనే అలాంటి బట్టలున్న చోట్లలో సూరత్ ఒకటి. కాకపోతే అవి ఉన్నది ప్రభుత్వ మ్యూజియంలో కాదు, ఒక కుటుంబం చేతిలో.

గార్డెన్ సిల్క్ మిల్స్ నడిపిన ప్రఫుల్ షా, శిల్పా షా దంపతులు దశాబ్దాలుగా పోగుచేసిన ఆ వస్త్ర సేకరణ పేరు ‘తాపీ’. సూరత్ మీదుగా పారే నది పేరే దానికి పెట్టుకున్నారు. గార్డెన్ వరేలీ చీరల ప్రకటనలు చూస్తూ పెరిగిన తరానికి ఆ కంపెనీ కొత్తేమీ కాదు. కోరమాండల్ తీరం నుంచి ఐరోపాకు పోయిన పూల అద్దకాలు, ఇండోనేషియాకు పోయిన గుజరాతీ బట్టలు, నాథద్వారా పిఛ్వాయీలు, కాశ్మీరు శాలువాలు, పార్సీల కుట్టుపని చీరలు, బెంగాల్ బాలూచరీలు అందులో ఉన్నాయి.

ఇంత సొత్తు ఒక ఇంటివారి దగ్గర ఉన్నప్పుడు దాన్ని ఆన్‌లైన్‌లో అందరి ముందూ పెట్టాలా? చట్టప్రకారం పెట్టనక్కర్లేదు. సొంత డబ్బుతో కొన్నది సొంత బీరువాలో దాచుకుంటే తప్పు పట్టేవారు ఉండరు. అయినా పెట్టాలనే నా అభిప్రాయం. ఎలా పెట్టాలన్న దగ్గరే అసలు చిక్కు ఉంది.

ముందు ఈ బట్టలు మన దగ్గర ఎందుకు మిగల్లేదో చూడాలి. డచ్చివారు మచిలీపట్నంలో, అంటే మన బందరులో, 1605లోనే దిగారు, ఇంగ్లీషువారు 1611లో. సూరత్‌లో ఇంగ్లీషు ఫ్యాక్టరీ ఆ తర్వాత ఒకటి రెండేళ్లకు వచ్చింది, డచ్చివారిది 1616లో. తూర్పున బందరు, పడమర సూరత్. రెండు రేవుల నుంచీ బేళ్లకు బేళ్లు ఓడలెక్కాయి. మన అద్దకాలు అక్కడి నేతగాళ్ల కడుపు కొడుతున్నాయని ఫ్రాన్సు 1686లో వాటిని నిషేధించింది. ఇంగ్లండు 1700లో ఒక చట్టం, అది చాలక 1721లో మరొకటి తెచ్చింది. అంత మోజుపడి కొన్నవాళ్లు కాబట్టి వాటిని పెట్టెల్లో దాచుకున్నారు. ఇండోనేషియాలోని సులవేసి దీవిలో తొరాజా ప్రజలైతే గుజరాత్ బట్టలను కులధనంగా, పూజావస్తువులుగా తరతరాలు కాపాడారు. కార్బన్ పరీక్ష చేస్తే వాటిలో కొన్ని 14, 15 శతాబ్దాల నాటివని తేలింది. మనం ఇక్కడ కట్టుకుని, ఉతుక్కుని, చింపి మసిగుడ్డ చేసుకున్నాం. ఎండలూ వానలూ తిన్నంత తిన్నాయి. అందుకే మన పాత బట్టను చూడాలంటే బయటి దేశాల్లో కొని తెచ్చుకున్నవారిని అడగాల్సి వస్తోంది.

తాపీవారు దాచేసి కూర్చున్నారని అనడం అన్యాయం. 2002లో ‘ట్రేడ్, టెంపుల్ అండ్ కోర్ట్’, 2010లో పార్సీ కుట్టుపని మీద ‘పియొనీస్ అండ్ పగోడాస్’, 2022లో ఐరోపాకు పోయిన అద్దకాల మీద దీపికా షా రాసిన ‘వెన్ ఇండియన్ ఫ్లవర్స్ బ్లూమ్డ్ ఇన్ యూరప్’, ఇంకా కొన్ని మంచి పుస్తకాలు ఆ సేకరణ మీద వచ్చాయి. ప్రదర్శనలూ జరిగాయి. కానీ అవి పెద్ద సైజు ఇంగ్లీషు పుస్తకాలు. బందరు పక్కన పెడనలో కలంకారీ అచ్చు పట్టుకుని రోజంతా నిలబడే మనిషి చేతికి అవి చేరే దారి తక్కువ.

ప్రదర్శనకూ ఒక హద్దుంది. పాత బట్టకు వెలుతురే శత్రువు. మ్యూజియాలు బట్టల మీద 50 లక్స్‌కు మించి వెలుగు పడనివ్వవు. మన ఇళ్లల్లో రాత్రి చదువుకోవడానికి వేసుకునే దీపం కాంతి అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ. ఒకసారి వెలిసిన రంగు తిరిగి రాదు కాబట్టి, ఏ బట్టనైనా కొన్ని నెలలు చూపి ఏళ్ల తరబడి చీకట్లో పడుకోబెట్టాలి. రాతి విగ్రహానికి ఈ బాధ లేదు. అన్ని కళావస్తువుల్లోనూ ఆన్‌లైన్ ఫొటో అవసరం ఎక్కువున్నది బట్టకే. ఒక్కసారి జాగ్రత్తగా ఫొటో తీస్తే లక్షమంది చూసినా రంగు వెలవదు.

సూరత్ అన్నాక వరదల మాట కూడా ఎత్తాలి. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నుంచి వదిలిన నీళ్లతో నగరంలో ఎక్కువ భాగం మునిగింది. నది ఒడ్డు ఊళ్లో బట్టలు, కాగితాలు దాచుకునేవారు ఎవరైనా సరే, కనీసం ఫొటోలూ వివరాలూ మరో చోట ఉంచుకోవాలి. 2018లో రియో డి జనీరోలో బ్రెజిల్ జాతీయ మ్యూజియం తగలబడ్డాక, సందర్శకులు ఎప్పుడో తీసుకున్న ఫొటోలను పంపమని జనాన్ని అడుక్కోవాల్సి వచ్చింది.

మరి సేకర్తలు ఎందుకు జంకుతారు? మొదటి భయం దొంగలది. అది నిజమైన భయమే, దానికి మందూ ఉంది: ఫొటో పెట్టండి, వస్తువున్న చోటు పెట్టకండి. ఫోనుతో తీసిన ఫొటోలో ఎక్కడ తీసిందీ దాగి ఉంటుంది, దాన్ని తీసేసి పెట్టండి. ఇంటి గోడా కిటికీ ఫ్రేములో పడనీయకండి.

రెండో భయం చట్టం. 1972 నాటి పురావస్తువుల చట్టం 1976 నుంచి అమల్లో ఉంది. నూరేళ్లు దాటిన కళావస్తువులను, 75 ఏళ్లు దాటిన విలువైన రాతప్రతులను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. రాతి, లోహ విగ్రహాలు, చిత్రాల వంటి కొన్ని రకాలనైతే రిజిస్టరు చేయించాలి. తాతగారు సంపాదించిన పంచలోహ విగ్రహానికి కాగితం లేదని తెలిసిన మనవడు దాన్ని ఫేస్‌బుక్‌లో పెడతాడా? పెట్టడు. అసలు ఆ భయానికి విరుగుడు రిజిస్ట్రేషను. అది చేయించుకున్నవారికి ఆన్‌లైన్ వల్ల నష్టం లేదు.

బయటపెట్టిన ఫొటో దొంగకు దారి చూపుతుందా, దొంగను పట్టిస్తుందా అన్నదానికి ప్రకాశం జిల్లా చందవరం సంగతి మంచి జవాబు. అక్కడి బౌద్ధ క్షేత్రంలో దొరికిన సున్నపురాతి శిల్పఫలకం ఒకటి, బుద్ధుణ్ని కొలిచే భక్తులది, 2001లో దొంగతనానికి గురైంది. 2005లో ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ ఒక న్యూయార్క్ వ్యాపారి దగ్గర దాన్ని 5,95,000 డాలర్లు పెట్టి కొంది. కొన్నవారు గొప్పగా ప్రదర్శించారు కూడా. అది మన దేశంలో ఉన్నప్పుడు తీసిన పాత ఫొటో బయటపడ్డాక మాట్లాడటానికి ఏమీ మిగల్లేదు. 2016లో ఆ ఫలకాన్ని భారత్‌కు అప్పగించారు. ఫొటో లేకపోయి ఉంటే అది ఇప్పటికీ కాన్‌బెర్రాలోనే ఉండేది. సొమ్ము సక్రమమైతే ఫొటోయే దానికి కాపలా. అక్రమమైతే సేకర్తకు గుబులు పుడుతుంది, పుట్టాలి కూడా.

మూడో భయం కాపీ. సూరత్‌లో కూర్చుని ఆలోచిస్తే అన్నిటికంటే బరువైనది ఇదే.

సూరత్ పాలియెస్టర్ రాజధాని. అక్కడ డిజిటల్ ప్రింటింగ్ యంత్రాలకు కావలసింది ఒక్క డిజైన్ ఫైలు. అది చేతికొస్తే కలంకారీ నెమళ్లు, పోచంపల్లి ఇక్కత్ నమూనాలు జార్జెట్ మీద గంటల్లో దిగుతాయి. హైదరాబాదు బజారులో కొన్ని వందలకే దొరికే ‘కలంకారీ చీర’ ఇలా వచ్చిందే. శ్రీకాళహస్తి, మచిలీపట్నం కలంకారీలకు, పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు ఉంది కదా అంటారు. ఆ గుర్తింపు ముఖ్యంగా పేరును కాపాడుతుంది. ఆ పేరు వాడకుండా ఆ పువ్వును అచ్చేసుకునేవాణ్ని పట్టుకోవడం కష్టం. మూడు వందల ఏళ్ల కిందటి డిజైన్‌కు కాపీరైటూ లేదు. అందుకే ‘మీరు పెద్ద ఫొటో పెడితే ముందు లాభపడేది మిల్లువాడే’ అని చేతిపనివారు అంటే కొట్టిపారేయలేం.

మిల్లువాణ్ని దుర్మార్గుడని ఒక్క మాటలో తేల్చేయడమూ కుదరదు. ఆ అచ్చులు పడే తెల్లగుడ్డను నేసేవారిలో మనవాళ్లున్నారు. తెలంగాణ జిల్లాల నుంచి వలసపోయిన పద్మశాలీలు తరాలుగా సూరత్ సాంచాల మీద బతుకుతున్నారు. సూరత్ కార్పొరేషను తెలుగు మీడియం బడులు నడుపుతోందంటే అక్కడ మనవాళ్లు ఎందరున్నారో ఊహించుకోవచ్చు. చేనేత కులం బిడ్డ నేసిన గుడ్డ మీదే చేనేతను దెబ్బతీసే అచ్చు పడుతోంది.

అయినా ఒక సేకరణను దాచితే కాపీ ఆగదు. విక్టోరియా అండ్ ఆల్బర్ట్ వారి చింట్జ్‌లు, అంటే మన పూల అద్దకాలు, ఎప్పుడో ఆన్‌లైన్‌కు ఎక్కాయి. రైక్స్ మ్యూజియం 2012 నుంచి పెద్ద సైజు ఫొటోలు ఉచితంగా ఇస్తోంది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2017లో ఒకేసారి 3,75,000 ఫొటోలను ఏ షరతూ లేకుండా వదిలేసింది. డిజైను కావలసినవాడికి ఇప్పటికే కొదవ లేదు. కొదవ ఉన్నది నేర్చుకునేవాడికి.

ఇక్కడే బట్టను తిరగేయాలి. మిల్లుకు కావలసింది ముందువైపు ఫొటో ఒక్కటే. పెడన, శ్రీకాళహస్తి పనివారికి అది సగమే. రంగు నూలులోకి ఎంత ఇంకిందో వెనకవైపు చూస్తేనే తెలుస్తుంది. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద కసిమి నలుపుతో గీసి, పటిక రాసి, చిరివేరు ఎరుపులో ఉడికించే పనిలో ఏ దశ ముందో ఏది తర్వాతో రంగుల అంచులు కలిసే చోట కనబడుతుంది. ఫొటోను బాగా పెద్దది చేసి చూస్తే ఎర్రటి పూరేకులో వెంట్రుకవాసి తెల్లగీతలు కనిపిస్తాయి. రంగు అంటకుండా కలంతో మైనం గీసినందువల్ల మిగిలిన తెలుపది. నీలిమందు తొట్టిలో ముంచినప్పుడు మైనం పగిలిన చోట సన్నని నీలి చారలు పాకి ఉంటాయి. పాత పనివాడు మైనాన్ని ఎంత పల్చగా పూశాడో ఆ చారలు చెబుతాయి. కొన్ని బట్టల వెనక డచ్చి కంపెనీ ముద్రో, ఇంగ్లీషు కంపెనీ ముద్రో ఉంటుంది. ఒకప్పుడు గౌనుగా కుట్టి విప్పేసిన బట్టయితే సూది రంధ్రాల వరస మిగిలి ఉంటుంది. ఈ వివరాలేవీ పాలియెస్టర్ మీద అచ్చేసేవాడికి పనికిరావు. చేత్తో చేసేవాడికి మాత్రం బంగారం.

కాబట్టి ఎవరికి మేలు జరుగుతుందన్నది ఫొటోలు పెట్టే పద్ధతి మీద ఆధారపడి ఉంటుంది. అందమైన ముందువైపు, పక్కన రెండు ముక్కల పొగడ్త: ఇలా పెడితే అది డిజైన్ల కేటలాగు. ముందు, వెనక, అంచు, ఒక అంగుళంలో ఎన్ని పోగులు, కొలతలు, మరమ్మతులు, ఎవరి దగ్గర కొన్నదీ పెడితే అది బడి.

మన హైదరాబాదులో జగదీశ్ మిత్తల్, కమలా మిత్తల్ దంపతులు చేసిన పని ఈ దారిలోనిదే. సొంతంగా సేకరించినదాన్ని 1976లో ట్రస్టు చేసి మ్యూజియంగా మార్చారు. బిద్రీ పని మీద, మన చేర్యాల నకాశీ పటాల వంటి దక్కన్ పటచిత్రాల మీద వివరమైన పుస్తకాలు తెచ్చారు. జగదీశ్ మిత్తల్ స్వయంగా శాంతినికేతన్‌లో చదివిన చిత్రకారుడు, కనుక వస్తువు ధర కంటే పనితనం మీద కన్నుండేది. బెంగళూరులో అభిషేక్ పొద్దార్ తన సేకరణతో మొదలుపెట్టిన మ్యూజియం ‘మ్యాప్’ 2020 డిసెంబరులో ముందు ఆన్‌లైన్‌లోనే తలుపులు తెరిచింది. భవనం తెరిచింది 2023లో.

ఇదంతా ధనవంతులకే అనుకోనక్కర్లేదు. మీ ఇంట్లో అమ్మమ్మ నాటి గద్వాల చీరో, పాత అద్దకం దుప్పటో ఉంటే, నేల మీద తెల్లగుడ్డ పరిచి, ఎండ నేరుగా పడని కిటికీ పక్కన, పక్కనే స్కేలు పెట్టి, నిటారుగా పైనుంచి ఫోనుతో తీయండి. వేలాడదీసి తీయకండి, పాత పోగులు బరువుకు తెగుతాయి. తిరగేసి మళ్లీ తీయండి. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ కొన్నారో ఇంట్లో పెద్దవాళ్లు చెప్పగలిగినప్పుడే తెలుగులో రాసిపెట్టండి.

ఒక్క జాగ్రత్త చిత్రాలు కొన్నవారికి. కాన్వాసు కొన్నంత మాత్రాన కాపీరైటు మీది కాదు. చిత్రకారుడు పోయాక 60 ఏళ్ల దాకా మామూలుగా అది ఆయనదీ ఆయన వారసులదీ. 1906లో పోయిన రవివర్మ బొమ్మల విషయంలో ఆ బాధ లేదు. 1996లో కన్నుమూసిన పి.టి.రెడ్డి చిత్రం మీ గోడ మీద ఉంటే, నెట్‌లో పెట్టేముందు 2056 దాకా వారసుల అనుమతి అడగాల్సిందే.

ఫొటో ఎంత పెద్దదైనా నూలు మెత్తదనం, పిండి పట్టిన బిగువు చేతికి తెలియజెప్పదు. అందుకని తాపీ వంటి సేకరణల యజమానులను ఇంకొకటి కూడా అడగొచ్చు: ఏడాదికి ఒకటి రెండు పూటలు పెడన నుంచీ శ్రీకాళహస్తి నుంచీ అద్దకం పనివారిని పిలిచి, ఎంపిక చేసిన నాలుగు బట్టలను బల్ల మీద పరిచి, భూతద్దం చేతికివ్వమని. ఆ పూట వాళ్లు చెప్పేవి రాసుకుని వెబ్‌సైటులో ఆ బట్టల కిందే పెడితే, కేటలాగు రాసిన పండితులకూ తెలియని సంగతులు కొన్ని చేరతాయి. ప్రయాణం ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నది చేనేత శాఖతో మాట్లాడుకోవాల్సిన విషయం.