పొగ చట్టమూ, గొలుసు రంపమూ



తుపాను వెళ్ళిన మర్నాడు పల్లెలో మొదట వినిపించే చప్పుడేమిటో మీకు చెప్పనక్కరలేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చి విశాఖపట్నం ప్రాంతాన్ని అతలాకుతలం చేసి పోయిన తర్వాత, రోడ్లకు అడ్డంగా పడివున్న చెట్లను కోయడానికి దిగినవి పెట్రోలు రంపాలే. సరుగుడు, సుబాబుల్, జామాయిలు తోటలు నరికేచోట కూడా యిప్పుడవే. మనం కోత మిషను అంటాము. గొలుసు రంపం అన్నా అదే.

కొనబోతే బజారులో ఒక చిత్రం కనబడుతుంది. పక్కపక్కన రెండు మిషనులు, చూపుకు అన్నదమ్ముల్లా వుంటాయి. ఒకదాని ధర రెండోదానికి మూడు నాలుగు రెట్లు. తేడా అంతా కంపెనీ పేరులో వున్నదని కొందరంటారు. పేరు కొంత నిజమే, లోహపు నాణ్యమూ కొంత నిజమే. కాని కంటికి కనిపించని సంగతి మరొకటి వున్నది. ఏ మిషను ఏ దేశపు పొగ చట్టానికి లోబడి తయారయింది అన్నది. ఈ ముచ్చట అమెరికాలో మొదలవుతుంది గాని, దాని కొస మన దుకాణం దాకా వచ్చి ఆగుతుంది.

ముందు పొగ ఎందుకు వస్తుందో చూద్దాము. రంపంలో వుండేది టూ స్ట్రోక్ ఇంజను, వెనుకటి లూనాలలో వుండిన రకమే. ఇందులో కాలిపోయిన పొగను బయటికి నెట్టే పని కొత్తగా వచ్చే పెట్రోలు గాలే చేయాలి. చౌడు పొలాన్ని కడిగేటప్పుడు మీరు ఏం చేస్తారు? ఒక గట్టున మంచి నీరు వదిలి, ఎదుటి గట్టున గండి కొడతారు. ఉప్పునీరు పోతుంది, దానితోబాటు మంచి నీరూ కొంత పోతుంది గదా! అచ్చం అలాగే, పాత రకం రంపంలో పోసిన పెట్రోలులో ఇంచుమించు నాలుగో వంతు, ఒక్కొక్కప్పుడు అంతకన్న ఎక్కువ, కాలకుండానే సైలెన్సరు గుండా బయట పడుతుంది. ఆ ఆవిరి, దానితో కలిసిన నూనె, కార్బన్ మోనాక్సైడు - ఇవన్నీ మిషను పట్టుకున్న మనిషి ముఖానికి మూరెడు దూరంలో వెలువడతాయి. సాయంత్రానికి కోతగాడికి తలనొప్పి ఎండవల్లనే వచ్చిందనుకోవడం సరికాదు.

మరి మోటారు సైకిలులాగ ఫోర్ స్ట్రోక్ ఇంజను పెట్టకూడదా అని మీరడగవచ్చు. రంపాన్ని నిలువునా, పక్కకూ, తలకిందులుగానూ తిప్పుతాము. అడుగున నూనె తొట్టి వుండే ఇంజను ఆ తిప్పుడుకు ఓర్వదు. పైగా బరువెక్కుతుంది. అందుచేత టూ స్ట్రోకునే బాగు చేయవలసి వచ్చింది.

బాగు చేయమని గట్టిగా అడిగిన మొదటి చోటు కాలిఫోర్నియా. అక్కడి వాయు వనరుల బోర్డు 1990లో చిన్న ఇంజనులకు హద్దులు నిర్ణయించింది. అవి 1995 నుంచి అమలయ్యాయి. అమెరికా దేశమంతటికీ వర్తించే నిబంధన 1997 నమూనాల నుంచి వచ్చింది. 20 నుంచి 50 సీసీల ఇంజను కిలోవాటు గంట పని చేస్తే 241 గ్రాములకు మించి హైడ్రోకార్బనులు వదలరాదన్నారు. రెండో విడత నిబంధన 2002 నుంచి మెట్లుమెట్లుగా బిగిసింది. 2005కి వచ్చేసరికి, నైట్రోజను ఆక్సైడులు కూడా కలుపుకొని, 50 గ్రాములకు దించారు. 50 సీసీలు దాటిన పెద్ద రంపాలకు హద్దు 72 గ్రాములు, గడువు 2007. ఐరోపావారు కూడా ఇవే అంకెలు తీసుకున్నారు. ఈ అంకెల కలయిక చాలా పెద్ద సంగతి. ఒకే ఇంజను గీస్తే రెండు ఖండాలలోనూ అమ్ముకోవచ్చు.

ఇంజను గీసేవారు ఒక ఉపాయం పట్టారు. పొగను నెట్టడానికి ముందు వట్టి గాలిని పంపి, దాని వెనుక పెట్రోలు గాలిని పంపడం. గండిలోంచి పోయేది ఆ వట్టి గాలే. పెట్రోలు లోపల మిగులుతుంది. నూటికి ఇరవై వంతుల దాకా పెట్రోలు ఆదా అని తయారీదారులంటారు. అమ్మేవాడి లెక్క గనుక కాస్త తగ్గించుకున్నా, ఆదా మాత్రం నిజం.

ఇక తయారీ చోటు సంగతి. మిషను ఎక్కడ పుట్టిందని ఈ చట్టం అడగదు, ఎక్కడ అమ్ముతావు అని మాత్రమే అడుగుతుంది. అమెరికాలో తయారయినా, చైనా నుంచి ఓడలో వచ్చినా, ఆ ఇంజను రకానికి సర్టిఫికెట్ వుండాలి. లేకపోతే రేవు దాటరాదు. పరీక్షల ఖర్చు వెయ్యి మిషనులకైనా లక్ష మిషనులకైనా ఇంచుమించు ఒకటే. కాబట్టి పెద్ద కంపెనీ తట్టుకుంటుంది, చిన్నది నలుగుతుంది. జర్మనీవారి స్టిల్ కంపెనీకి స్వదేశంలోనే కాక బ్రెజిల్, అమెరికా, చైనాలలోనూ ఫాక్టరీలున్నాయి. అమెరికాలో ఒకప్పుడు ఇంటింటి పేరయిన మెకల్లా కంపెనీ 1999లో దివాలా తీసింది. (1968లో లండన్ వంతెనను కొని, రాయి రాయిగా ఊడదీయించి ఎరిజోనాకు తరలించిన ఆసామీ స్థాపించినదే ఆ కంపెనీ.) హోమ్‌లైట్ అనే మరో పాత పేరు 2001లో హాంకాంగు కంపెనీ చేతికి పోయింది. పొగ చట్టమే వీటిని పడగొట్టిందంటే అది అన్యాయపు మాట. చౌక దిగుమతుల పోటీ వున్నది, బజారు మారడమూ వున్నది. అయితే కొత్త ఇంజనుకు పెట్టుబడి పెట్టలేనివారికి ఆ కాలం కలిసిరాలేదన్నది మాత్రం నిజం.

పాత నమూనాలు ఏమయ్యాయంటారా? నిబంధన లేని దేశాలకు నడిచాయి. స్టిల్ వారి 070 అనే 106 సీసీల బండ మిషను అమెరికా, ఐరోపా దుకాణాల నుంచి తప్పుకున్న తర్వాత కూడా ఆసియా, ఆఫ్రికా అడవులలో చాలాకాలం అమ్ముడయింది. మోటు పనికి మొండిది, మరమ్మతుకు సులువు. అది వదిలే పొగ మాత్రం పట్టినవాడికే.

కాలిఫోర్నియా మళ్ళీ ముందుకు పోయింది. 2024 నమూనాల నుంచి కొత్త చిన్న ఇంజనులు అసలు పొగే వదలకూడదని 2021 డిసెంబరులో అక్కడి బోర్డు తీర్మానించింది. తమాషా ఏమంటే, 45 సీసీలూ ఆ పైనా వున్న రంపాలు ఆ తీర్మానానికి అందవు. ఎందుకంటే 1990 నాటి కేంద్ర చట్టం, వ్యవసాయానికీ నిర్మాణానికీ వాడే చిన్న ఇంజనుల మీద రాష్ట్రాలు నిబంధన పెట్టరాదన్నది. 45 సీసీల రంపం ఆ లెక్కలోకి వస్తుంది. అంటే పెరటి కొమ్మలు కోసే చిన్న రంపం ఆగిపోయి, అడవి మాను కోసే పెద్దది మిగిలింది! చేతిలో వున్న పాత రంపాన్ని వాడుకోవడానికి ఎవరికీ అడ్డు లేదు.

చిన్న రంపం చోటులోకి బాటరీ రంపం వస్తున్నది. దానికి సిలిండరూ లేదు, కార్బురేటరూ లేదు, పొగ పరీక్షా లేదు. ఇంజను పోత పోసే నేర్పుకన్న సెల్లులు, మోటార్లు దొరికే చోటుకే ఇక్కడ విలువ. అందుకే ఫాక్టరీల పటం మళ్ళీ మారుతున్నది. స్టిల్ వారు బాటరీ పరికరాలకోసం రుమేనియాలో ఒరాదెయా అనే ఊళ్ళో కొత్త ఫాక్టరీ తెరిచారు. పెరటి కొమ్మలకు బాటరీ రంపం భేషుగ్గా చాలు. కరెంటు లేని తోటలో రోజంతా కోయాలంటే మాత్రం నేనింకా పెట్రోలు రంపాన్నే చెబుతాను.

ఇప్పుడు మీ చేతిలోని మిషను సంగతి. అమెరికా సర్టిఫికెట్ పొందిన రంపం మీద ఒక చీటీ అంటించి వుంటుంది. అందులో ఎ, బి, సి అనే ఇంగ్లీషు అక్షరాలలో ఒకటి చూడండి. సి అంటే 50 గంటలు, బి అంటే 125 గంటలు, ఎ అంటే 300 గంటలు నడిచేదాకా పొగ హద్దు దాటదని హామీ. అది ఇంజను ఆయుష్షు కాదు. అయినా ఇంటివాడికోసం చేసినదా, పనివాడికోసం చేసినదా అన్నది దానివల్ల తెలిసిపోతుంది.

మరొకటి. కార్బురేటరు మరలమీద చిన్న ప్లాస్టిక్ టోపీలుంటాయి. మర హద్దు మీరి తిరగకుండా పొగ చట్టంకోసం పెట్టినవి అవి. నాకు తెలిసిన ఒక మామిడి రైతు మిషనుకు జోరు చాలదంటే, మెకానిక్కు ఆ టోపీలు పీకి మరలు బిగించి యిచ్చాడు. రెండు రోజులు ఈల వేసినట్టు తిరిగింది. మూడో రోజు చెట్టు సగంలో వుండగా బిగదీసుకున్నది. విప్పి చూస్తే పిస్టను గీతలుపడి వున్నది. పెట్రోలుతో కలిసి వచ్చే నూనె తప్ప ఆ ఇంజనుకు వేరే నూనె లేదు. పెట్రోలు తగ్గిస్తే నూనె కూడా తగ్గుతుంది.

నూనె పాళ్ళు కొలిచే పొయ్యండి, అందాజుగా వద్దు. 50కి 1 అని పుస్తకంలో రాసివుంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు, 25కి 1 అని వుంటే 40 మిల్లీలీటర్లు. టూ స్ట్రోక్ నూనె మాత్రమే వాడాలి. ముందు డబ్బాలో కలిపి, బాగా కుదిపి, ఆ తర్వాతనే ట్యాంకులో పోయాలి.